కీలు మార్పిడి తరువాత సైకిలు తొక్కడం

కీలు మార్పిడి తరువాత సైకిలు తొక్కడం అనగా మోకాలికి గాని తుంటికి గాని శస్త్రచికిత్స జరిగి కృత్రిమ కీలు అమర్చబడిన వ్యక్తి, ముఖ్యంగా అరవై ఏళ్ళు పైబడిన వ్యక్తి, మునుపటివలె సైకిలు తొక్కగల దేహదారుఢ్యాన్ని క్రమక్రమంగా తిరిగి సంపాదించుకోవడం. ఇందులో కీలు బాగుపడడం ఒక విషయం, మనిషి బాగుపడడం మరొక విషయం. పెడలును పూర్తిగా ఒక చుట్టు తిప్పడం కొద్ది వారాలలోనే సాధ్యమవుతుంది. తొడ కండరానికి బలం రావడానికి, గుండె, ఊపిరితిత్తులు పూర్వపు స్థితికి చేరడానికి, రోడ్డుపై తూలకుండా సాగే నేర్పు తిరిగి అలవడడానికి నెలలు పడుతుంది. ఈ తేడా తెలియక కొందరు తొందరపడి రోడ్డెక్కి పడిపోతారు, మరికొందరు నిరుత్సాహపడి సైకిలును శాశ్వతంగా మూలన పెడతారు.

పల్లెలలోను, చిన్న పట్టణాలలోను పెద్దవయసువారికి సైకిలు వ్యాయామ సాధనం మాత్రమే కాదు. పొలానికి, సంతకు, బ్యాంకుకు, మందుల దుకాణానికి ఎవరినీ బ్రతిమాలకుండా వెళ్ళిరాగల వాహనం. అటువంటి వ్యక్తి సైకిలు మానివేస్తే పోయేది వ్యాయామం ఒక్కటే కాదు.

చరిత్ర

పాడైన కీలును తీసి మరొకటి పెట్టాలన్న ఆలోచన పాతదే. 1890లో బెర్లిన్ నగరంలో థెమిస్టోక్లిస్ గ్లక్ అనే వైద్యుడు దంతంతో చేసిన మోకాలి కీలును అమర్చాడు. అప్పటి రోగులకు క్షయవ్యాధి వలన కీళ్ళు పాడై ఉండడంతో అవి చీము పట్టి విఫలమయ్యాయి. ఆధునిక పద్ధతికి పునాది ఇంగ్లండులో పడింది. జాన్ చార్న్లీ 1962లో రైటింగ్టన్ ఆసుపత్రిలో లోహపు గుండును పాలిథిలీన్ గిన్నెలో తిరిగేటట్లు అమర్చి తుంటి మార్పిడిని నమ్మదగిన చికిత్సగా నిలబెట్టాడు. మోకాలు అంత సులువుగా లొంగలేదు. తుంటి గిన్నెలో గుండువలె అన్ని దిక్కులకు తిరుగుతుంది. మోకాలు అలా కాక వంగుతూనే కొద్దిగా జారుతుంది, కొద్దిగా మెలితిరుగుతుంది. ఈ కదలికను చాలావరకు అనుకరించగల కృత్రిమ మోకాలు 1974లో న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో వాడుకలోకి వచ్చింది. దాని రూపకర్తలు జాన్ ఇన్సాల్, పీటర్ వాకర్, భారతదేశంలో జన్మించిన చిత్తరంజన్ రాణావత్.

అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయికి 2000 అక్టోబరులో ఎడమ మోకాలు, 2001 జూన్‌లో కుడి మోకాలు ముంబైలో మార్చినది కూడా ఈ రాణావతే. మోకాలి మార్పిడి అనే మాట మన దేశంలో సామాన్యుల నోట వినబడడానికి ఆ వార్తలు చాలావరకు కారణమని చెప్పవచ్చును. 2017 ఆగస్టులో భారత ప్రభుత్వం మోకాలి మార్పిడి పరికరాల ధరలకు గరిష్ఠ పరిమితి విధించింది.

సైకిలుపై కీలు చేసే పని

సైకిలు తొక్కేటప్పుడు మోకాలు ఎంత వంగాలన్నది మొదటి ప్రశ్న. సమతలంపై నడవడానికి మోకాలు సుమారు 65 డిగ్రీలు వంగితే చాలును. మెట్లు ఎక్కడానికి సుమారు 85 డిగ్రీలు, కుర్చీలోనుండి లేవడానికి 95 డిగ్రీల వరకు అవసరమవుతుంది. పెడలు పై చివరకు వచ్చినప్పుడు ఇబ్బంది లేకుండా దాటాలంటే సుమారు 105 నుండి 110 డిగ్రీల వంపు కావాలి. శస్త్రచికిత్స అయిన కొత్తలో చాలామందికి 90 డిగ్రీలు రావడమే గగనం. నడవగలిగిన వ్యక్తి సైకిలు తొక్కలేకపోవడంలో వింత ఏమీ లేదు. అయితే బాసిపట్టు వేసి కూర్చోవడానికి, గొంతుక్కూర్చోవడానికి కావలసిన వంపు దీనికంటె చాలా ఎక్కువ. నేలపై కూర్చోలేకపోతున్నాను కనుక సైకిలు కూడా తొక్కలేనని కొందరు అనుకుంటారు గాని అది సరి కాదు.

రెండవ ప్రశ్న కీలుపై పడే బరువు. దీనిని ఊహించి చెప్పవలసిన అవసరం ఇప్పుడు లేదు. బెర్లిన్‌లోని షారిటే వైద్యశాల పరిశోధకులు కృత్రిమ మోకాలి లోపలనే బలాన్ని కొలిచే సూక్ష్మ పరికరాలను అమర్చి, అవి రేడియో ద్వారా పంపే సంకేతాలను నమోదు చేశారు. నడిచేటప్పుడు మోకాలిపై శరీరపు బరువుకు సుమారు రెండున్నర రెట్ల బలం పడుతున్నదని, మెట్లు దిగేటప్పుడు అది దాదాపు మూడున్నర రెట్లకు చేరుతున్నదని వారు కనుగొన్నారు. వ్యాయామ సైకిలుపై 60 వాట్ల మితమైన శ్రమతో తొక్కేటప్పుడు అది సుమారు 1.2 రెట్లు మాత్రమే. 70 కిలోల మనిషిని తీసుకుంటే మెట్లు దిగుతున్నప్పుడు మోకాలు దాదాపు 240 కిలోల బరువును, సైకిలుపై సుమారు 84 కిలోల బరువును భరిస్తున్నదన్నమాట. శరీరంలో చాలా భాగం సీటుమీద ఆని ఉండడమే దీనికి కారణం.

ఇదే పరిశోధనలో మరొక సంగతి తేలింది. శ్రమ పెరిగేకొద్దీ మోకాలిపై బలం పెరుగుతుంది. అదే శ్రమను ఎక్కువ చుట్లతో, తేలికగా తొక్కితే బలం తగ్గుతుంది. గేర్లు లేని సైకిలుపై ఎదురుగాలిలోనో, ఎత్తు ఎక్కుతూనో లేచి నిలబడి తొక్కే పద్ధతి అలవాటైనవారు గమనించవలసిన విషయం ఇది. అటువంటి చోట దిగి నడిపించుకుపోవడంలో నామోషీ ఏమీ లేదు.

తొడ కండరం

చాలామంది దృష్టి అంతా కీలుపైనే ఉంటుంది. నిజానికి మనిషిని వెనకకు లాగేది లోపల పెట్టిన లోహం కాదు, దాని పైనున్న కండరం. తొడ ముందుభాగాన నాలుగు పాయలుగా ఉండే పెద్ద కండరాన్ని చతుశ్శిరస్క కండరం అంటారు. పెడలును క్రిందికి త్రొక్కే బలంలో అధిక భాగం దీనిదే. మోకాలి మార్పిడి జరిగిన నెల రోజులకు ఈ కండరపు బలం శస్త్రచికిత్సకు ముందున్న దానిలో సగానికంటె తక్కువకు పడిపోతుందని, సుమారు 60 శాతం నష్టం కలుగుతుందని 2005లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనం చూపింది. విచిత్రమేమంటే కండరం చిక్కిపోవడం ఇందులో కొంత భాగం మాత్రమే. గాయపడి వాచిన కీలునుండి వచ్చే సంకేతాల వలన వెన్నుపాము ఆ కండరానికి ఆజ్ఞలను పూర్తిగా అందనివ్వదు. మనిషి ఎంత గట్టిగా ప్రయత్నించినా కండరం సగం నిద్రలోనే ఉంటుంది. "కాలు నా మాట వినడం లేదు" అని రోగులు చెప్పే మాట అక్షరాలా నిజం. అది సోమరితనమని ఇంటివారు భావించడం అన్యాయం.

దీనికి తోడు, శస్త్రచికిత్సకు ముందే ఏళ్ళ తరబడి నొప్పి వలన ఆ కాలిని తక్కువగా వాడి ఉంటారు. సైకిలుపై ఈ లోపం సులభంగా దాగిపోతుంది. రెండు పెడళ్ళు ఒకే ఇరుసుకు బిగించి ఉన్నందున మంచి కాలు పని అంతా చేసి, బలహీనమైన కాలును తనతోపాటు తిప్పుకుపోతుంది. చూసేవారికి, తొక్కేవారికి కూడా రెండు కాళ్ళూ సమానంగా పనిచేస్తున్నట్లే కనిపిస్తుంది.

2010లో ప్రచురితమైన ఒక జర్మన్ అధ్యయనం ఈ సందర్భంలో చెప్పుకోదగినది. కీలు మార్పిడి జరిగిన 362 మందిని లాటరీ పద్ధతిన రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు మామూలు ఫిజియోథెరపీతోపాటు రెండవ వారంనుండి వ్యాయామ సైకిలు కూడా ఇచ్చారు. తుంటి మార్పిడి జరిగినవారిలో సైకిలు తొక్కినవారికి స్పష్టమైన మేలు కనిపించింది. మోకాలి మార్పిడి జరిగినవారిలో అటువంటి తేడా కనిపించలేదు. సైకిలు వలన మోకాలికి ఉపయోగం లేదని దీని అర్థం కాదు. సైకిలు ఒక్కటే చాలదని అర్థం. కుర్చీలోనుండి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, తక్కువ ఎత్తుగల మెట్టు ఎక్కి దిగడం, కాలును చాచి కొద్ది క్షణాలు ఎత్తి పట్టుకోవడం వంటి బలవర్ధక వ్యాయామాలను, ముఖ్యంగా ఆపరేషను జరిగిన కాలితో విడిగా చేయవలసి ఉంటుంది. ఎముకల గట్టిదనానికి కూడా ఇవి, నడక అవసరం. శరీరపు బరువు కాళ్ళపై పడని సైకిలు ఎముకలకు పెద్దగా మేలు చేయదు.

వ్యాయామ సైకిలుపై తొలి దశ

కుట్లు ఆరి, వైద్యుడు అనుమతించిన తరువాత, సాధారణంగా రెండవ వారంనుండి నాలుగవ వారంలోపు వ్యాయామ సైకిలుపై కూర్చోబెడతారు. మొదట పూర్తి చుట్టు తిప్పడానికి ప్రయత్నించరు. పెడలును ముందుకు కొంత, వెనకకు కొంత ఊయలవలె ఊపుతారు. వంపు పెరిగేకొద్దీ ఊపు పెరిగి, ఒకనాడు పెడలు పై చివరను దాటుతుంది. చాలామందికి ముందుకంటె వెనకకు తిప్పడంలో మొదటి పూర్తి చుట్టు వస్తుంది. ఈ దశలో సీటును మామూలుకంటె ఎత్తుగా ఉంచుతారు. తరువాత కొద్దికొద్దిగా దించుతూ మోకాలిచేత మరింత వంపును రాబడతారు. వంపు చాలనప్పుడు తుంటిని ఒక ప్రక్కకు ఎత్తి పెడలును దాటించడం సహజంగా జరిగే దొంగపని. దానిని ఫిజియోథెరపిస్టులు వెంటనే పసిగడతారు. ఇంటిలో ఒంటరిగా చేసేవారు ఎదుట అద్దం పెట్టుకోవడం మంచిది.

పూర్తి చుట్టు వచ్చిన తరువాత కూడా కొన్ని వారాలపాటు బిగువు లేకుండానే తొక్కాలి. నిమిషానికి 60 చుట్లు, అనగా గోడ గడియారపు సెకన్ల ముల్లు ఒకసారి కదిలితే ఒక చుట్టు, మంచి కొలత. రోజుకు రెండు పూటలా అయిదేసి నిమిషాలతో మొదలుపెట్టి, ఆరవ వారం నుండి ఎనిమిదవ వారానికి ఇరవై నిమిషాలకు చేరడం చాలామందికి సాధ్యమే. తొక్కిన మరునాటి ఉదయం మోకాలు ముందురోజుకంటె ఎక్కువగా వాచి ఉంటే, తొక్కినది ఎక్కువైనదని గ్రహించి తగ్గించుకోవాలి. తొక్కుతున్నప్పటి నొప్పికంటె మరునాటి వాపు నమ్మదగిన సూచిక.

తుంటి మార్పిడిలో సమస్య వేరు. వెనకవైపునుండి చేసిన శస్త్రచికిత్సలో మొదటి కొన్ని వారాలపాటు తుంటిని 90 డిగ్రీలకు మించి వంచడం, కాలును శరీర మధ్యరేఖ దాటించడం, లోపలికి త్రిప్పడం వలన కీలు స్థానభ్రంశం చెందే ప్రమాదం ఉన్నది. అందుచేత సీటు ఎత్తుగా, హ్యాండిలు కూడా ఎత్తుగా ఉండి, వీపు నిటారుగా ఉండేటట్లు చూస్తారు. ముందుకు వంగి తొక్కే పందెపు సైకిలు ఈ దశలో పనికిరాదు.

సీటు, పెడలు

పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు పూర్తిగా చాపుకోకుండా, 25 నుండి 35 డిగ్రీలు వంగి ఉండడం సరియైన సీటు ఎత్తుగా పరిగణించబడుతుంది. ఇంటివద్ద లెక్కించుకోవడానికి ఒక సులభమైన పద్ధతి కలదు. చెప్పులు లేకుండా గోడకు ఆని నిలబడి, తొడల మధ్య ఒక పుస్తకాన్ని పైకి ఆనించి పట్టుకుని, నేలనుండి పుస్తకం పై అంచు వరకు కొలవాలి. ఆ కొలతను 0.883తో గుణిస్తే, పెడళ్ళ ఇరుసు మధ్యనుండి సీటు పైభాగం వరకు ఉండవలసిన దూరం వస్తుంది. కాలి కొలత 78 సెంటీమీటర్లయితే ఈ దూరం సుమారు 69 సెంటీమీటర్లు. ఫ్రెంచి శిక్షకుడు సిరిల్ గిమార్ వద్దనుండి వచ్చిన ఈ లెక్కను అమెరికన్ సైకిలు వీరుడు గ్రెగ్ లెమాండ్ ప్రచారంలోకి తెచ్చాడు.

మన ఊళ్ళలో సైకిళ్ళ సీట్లు చాలావరకు దీనికంటె తక్కువ ఎత్తులో ఉంటాయి. ఆగినప్పుడు రెండు కాళ్ళూ నేలకు ఆనాలన్న కోరిక దీనికి కారణం. పడిపోతామన్న భయం ఉన్న పెద్దవారికి అది న్యాయమైన కోరికే. కాని సీటు దిగినకొద్దీ పెడలు పైకి వచ్చినప్పుడు మోకాలు మరింత వంగవలసి వస్తుంది. సీటును సరియైన ఎత్తులోనే ఉంచి, ఆగేటప్పుడు సీటు నుండి ముందుకు దిగి నిలబడడం నేర్చుకోవడం దీనికి పరిష్కారం.

వంపు 100 డిగ్రీల దగ్గర ఆగిపోయినవారికి పొట్టి క్రాంకు ఉపయోగపడుతుంది. సాధారణ సైకిళ్ళలో క్రాంకు పొడవు 165 నుండి 175 మిల్లీమీటర్లు ఉంటుంది. దీనిని 20 మిల్లీమీటర్లు తగ్గించి, సీటును అంతే పెంచితే, పెడలు పై చివర నుండి సీటుకు గల దూరం 40 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మోకాలు అంత తక్కువగా వంగితే సరిపోతుంది. ఇది పెద్ద ఖర్చు లేని పని అయినా, దీని గురించి తెలిసినవారు తక్కువ.

రోడ్డు మీదికి

1999లో అమెరికాలోని మోకాలి శస్త్రచికిత్స నిపుణుల సంఘం సభ్యుల అభిప్రాయాలను సేకరించినప్పుడు వ్యాయామ సైకిలును అందరికీ సిఫారసు చేయదగిన వాటిలోను, రోడ్డుపై సైకిలును ఇదివరకు అనుభవం ఉన్నవారికి అనుమతించదగిన వాటిలోను చేర్చారు. తొక్కుడు రెండింటిలోనూ ఒకటే. తేడా అంతా పడిపోవడంలోనే ఉన్నది. కృత్రిమ కీలు అమర్చిన ఎముక ఆ లోహపు కాడ చివరవద్ద విరిగితే అతికించడం కష్టం, పెద్దవయసులో తిరిగి లేచి నడవడం మరీ కష్టం. రక్తం పలుచబడే మందులు వాడేవారికి చిన్న దెబ్బ కూడా పెద్దదవుతుంది. అందుచేత చాలామంది వైద్యులు సుమారు మూడు నెలలు నిండేవరకు రోడ్డుపై అనుమతించరు.

ఎక్కడం, దిగడం అన్నిటికంటె అపాయకరమైన క్షణాలు. మన అలవాటు ప్రకారం ఎడమ కాలు పెడలుపై పెట్టి, రెండు మూడు అడుగులు తన్ని, కుడి కాలును వెనకనుండి సీటు మీదుగా త్రిప్పి ఎక్కుతారు. ఎడమ మోకాలు మార్చినదైతే వంగిన స్థితిలో బరువంతా దానిపై పడుతుంది. కుడి తుంటి మార్చినదైతే ఆ విసురు దానికి పరీక్ష. అడ్డకడ్డీ లేని, సాధారణంగా ఆడవారి సైకిలు అని పిలువబడే రకంలో ఈ చిక్కు లేదు. చట్రం మధ్యగా కాలు వేసి, రెండు కాళ్ళపై నిలబడి, తరువాత సీటుపై కూర్చోవచ్చును. ఆగేటప్పుడు ఆపరేషను కాని కాలినే నేలకు ఆనించాలి. పెడలుకు పాదాన్ని బిగించే పట్టీలు, క్లిప్పులు ఈ దశలో వద్దు.

మొదటి సవారీలకు వాహనాలు లేని చోటు కావాలి. ఉదయం వేళ పాఠశాల మైదానం, కాలువగట్టు రోడ్డు చాలును. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన, సౌర ఫలకాల కప్పుగల 23 కిలోమీటర్ల సైకిలు బాట ఇటువంటివారికి అనువైనది. మోటారు సహాయంతో నడిచే సైకిలు ఎత్తుల వద్ద మోకాలిని ఆదుకుంటుంది గాని, దాని బరువు ఎక్కువ. ప్రక్కకు ఒరిగితే బలహీనమైన కాలు ఆపలేదు.

దమ్ము తిరిగి రావడం

కాలు సిద్ధమైనా ఊపిరి సిద్ధంగా ఉండదు. ముప్పై ఏళ్ళు దాటిన తరువాత శరీరం ఆక్సిజన్‌ను వాడుకోగల గరిష్ఠ సామర్థ్యం దశాబ్దానికి సుమారు 10 శాతం చొప్పున తగ్గుతుంది. నొప్పితో గడిపిన ఏళ్ళు, మంచంపై గడిపిన వారాలు దానిని ఇంకా క్రిందికి లాగుతాయి. ఈ నష్టంలో వయసు వాటా ఎంత, కదలకపోవడం వాటా ఎంత అన్నది విడదీసి చూడవలసిన విషయం. లండన్ కింగ్స్ కళాశాల పరిశోధకులు 55 నుండి 79 ఏళ్ళ మధ్య వయసుగల 125 మంది నిత్య సైకిలు ప్రియులను పరీక్షించి 2015లో ప్రచురించిన వివరాలలో, ఏ శరీరధర్మపు కొలతనుబట్టి కూడా మనిషి వయసును ఖచ్చితంగా చెప్పడం సాధ్యం కాలేదు.

ఫ్రాన్సు దేశస్థుడైన రాబర్ట్ మార్షాన్ (1911–2021) ఉదాహరణ కీలు మార్పిడికి సంబంధించినది కాకపోయినా ఇక్కడ ప్రస్తావించదగినది. నూరేళ్ళు దాటిన తరువాత 2012లో గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కిన ఆయన, శరీరధర్మ శాస్త్రజ్ఞురాలు వెరోనిక్ బిల్లా పర్యవేక్షణలో రెండేళ్ళు శిక్షణ పొంది 2014లో 26.927 కిలోమీటర్లు తొక్కాడు. ఆ మధ్యకాలంలో ఆయన గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం 13 శాతం పెరిగింది, తొక్కుడు బలం 90 వాట్లనుండి 125 వాట్లకు చేరింది. శిక్షణలో అయిదింట నాలుగు వంతులు తేలికగాను, ఒక వంతు మాత్రమే కష్టంగాను ఉండేది. కండరాల విషయంలో ఇటువంటి ఫలితమే 1990లో బోస్టన్‌లో వెలువడింది. తొంబై ఏళ్ళు వచ్చిన వృద్ధులు ఎనిమిది వారాలు బరువులతో వ్యాయామం చేయగా వారి తొడల బలం రెట్టింపుకు మించి పెరిగింది.

మామూలు మనిషికి దీనినుండి దొరికే పద్ధతి ఇది. వారంలో మూడు నాలుగు రోజులు, మాట్లాడుతూ తొక్కగల వేగంలో, ఇరవై నిమిషాలనుండి నలభై నిమిషాల వరకు. రెండు మూడు నెలలు ఇలా గడిచాక వారానికి ఒకరోజు మాత్రం, రెండు మాటలకు మించి పలకలేనంత వేగంలో ఒకటి రెండు నిమిషాల చొప్పున కొన్నిసార్లు. రక్తపోటుకు వాడే కొన్ని మందులు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి కనుక అవి వాడేవారు నాడిని లెక్కించి శ్రమను అంచనా వేయరాదు. మాట ఆడే తీరే వారికి సరియైన కొలత. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో బెల్లం ముక్కో, చక్కెర పొట్లమో ఉంచుకోవాలి. పెద్దవయసులో కండరం పెరగడానికి కిలో బరువుకు రోజుకు 1 నుండి 1.2 గ్రాముల మాంసకృత్తులు అవసరమని పోషకాహార నిపుణులు చెబుతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం దీనిపై వైద్యుని అడగాలి. అన్నం ఎక్కువ, పప్పు తక్కువగా ఉండే మన భోజనంలో ఈ మోతాదు సాధారణంగా అందదు. పెసరట్టు, గుడ్డు, గట్టి పెరుగు ఆ లోటును కొంత తీరుస్తాయి.

ఆపివేయవలసిన సందర్భాలు

పిక్క వాచి, నొప్పిగా, వెచ్చగా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చును. దానితోపాటు ఆయాసం, ఛాతీనొప్పి వస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరినట్లు అనుమానించాలి. ఇది క్షణాలమీద ఆసుపత్రికి వెళ్ళవలసిన స్థితి. కుట్లవద్ద ఎరుపు, రసి కారడం, జ్వరం చీముకు సూచనలు. ఏళ్ళు గడిచాక కొత్తగా మొదలైన నొప్పి, ముఖ్యంగా బరువు మోపిన తొలి అడుగులలో వచ్చేది, అమరిక సడలినదేమో చూపించుకోవాలి. అయితే కృత్రిమ కీళ్ళ ఆయుర్దాయం గురించి అనవసరపు భయం అక్కరలేదు. వివిధ దేశాల నమోదు పట్టికలను పరిశీలించి 2019లో ప్రచురించిన లెక్కల ప్రకారం మోకాలి మార్పిడులలో సుమారు 82 శాతం, తుంటి మార్పిడులలో సుమారు 58 శాతం 25 ఏళ్ళపాటు నిలుస్తున్నాయి.